చింతపండు స్ఫటికంతో కుప్పం దాకా

డిసెంబరు సెలవుల్లో ప్రయాణం అంటే మా తెనాలి వాళ్లకు తిరుపతి కొండ ఎక్కి దిగడమే. నేను కొండ దిగాక తిన్నగా ఇంటికి రాకుండా ఇంకో బస్సెక్కి మదనపల్లె వెళ్లానని మా ఇంట్లో ఇంకా సాధిస్తున్నారు. "అక్కడ చూడటానికి ఏముందే?" అంటారు. ఒక రాయి ఉంది. చింతపండుతో చేసిన రాయి. దాన్ని చూద్దామని వెళ్లి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పుంగనూరు మీదుగా కుప్పం దాకా తిరిగాను. ఎనభైల మొదట్లోని ఆ వారం సంగతే ఇది.

మదనపల్లె చలి

బస్సు దిగగానే నాకు తెలిసిన మొదటి విషయం, నా దగ్గర శాలువా లేదని. మేం కృష్ణా కాలవ ఒడ్డున డిసెంబరులో కూడా విసనకర్ర పక్కన పెట్టుకు పడుకునేవాళ్లం. ఇక్కడ తెల్లవారి టమాటాల బళ్లు తోలేవాళ్లు తలకు తువ్వాలు చుట్టుకుని, నోట్లోంచి పొగలు వదులుతూ కనిపించారు. ఆ టమాటాలు మార్కెట్టు బయట కుప్పలుగా పోసి ఉన్నాయి. ఊరికే అడిగితే రూపాయికి సంచి నింపేశారు. ఆ సంచితోనే రెడ్డెమ్మ తలుపు తట్టాను.

రెడ్డెమ్మా నేనూ ఎమ్మెస్సీ ఫిజిక్సు కలిసి చదివాం. నేను హైస్కూలు టీచరునయ్యాను. తను మదనపల్లెలో ఒక కాలేజీలో లెక్చరరయ్యింది. తలుపు తీసి, ఇన్నేళ్లకు చూసిన స్నేహితురాలితో అన్న మొదటి మాట ఇది:

"మెల్లిగా నడువు మే. నీ అడుగుల అదురుకే పాడైపోతాది."

నేను కాస్త ఒళ్లు చేసిన మాట నిజమే గానీ, ఆ మాట నన్ను గురించి కాదు. గది మూల గోడలోకి దిగ్గొట్టిన బల్ల మీద ఒక గాజు తొట్టి ఉంది. అందులో నీళ్లలాంటి ద్రవం. దాని మధ్య దారానికి వేలాడుతూ కోడిగుడ్డంత స్ఫటికం. పలకలు తీరి, అద్దంలా ఉంది. ఎక్కడో లోపల, ఉందా లేదా అన్నంత నీలం ఛాయ.

చదివేవాళ్లకు ఇక్కడ కాస్త చెప్పాలి. చింతపండు పులుపులోంచి ఒక ఆమ్లం తీయవచ్చు. దానికి సోడా, పొటాషు చేరిస్తే ఒక ఉప్పు వస్తుంది. ఆ ఉప్పు నీళ్లను అదురు లేకుండా, ఓపిగ్గా, వారాల తరబడి ఆరనిస్తే ఇలా స్ఫటికం కడుతుంది. దీన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుంది. గ్రామఫోను ముల్లు వెనక ఉండి పాట వినిపించే బిళ్లల్లో ఇలాంటివి వాడేవారు. దీనికి ఇంకో గుణం ఉంది. గది చల్లగా, సుమారు ఇరవైనాలుగు డిగ్రీలకు లోపు ఉంటే, దాని లోపలి విద్యుత్తంతా ఒకే దిక్కుకు తిరిగి వరుసలో నిలబడుతుంది. వేడెక్కిందా, బడి విడిచినప్పటి పిల్లల్లాగా ఆ వరుస చెదిరిపోతుంది. అందుకే ఈ పని మదనపల్లె చలికాలంలో సాగుతుంది, మా తెనాలిలో సాగదు.

రెడ్డెమ్మ దీంట్లో చిటికెడు మైలుతుత్తం వేసి పెంచింది. అందులో ఉన్న రాగి ఇలాంటి ఉప్పులో ఇరుక్కున్నప్పుడు చిన్న చిన్న అయస్కాంతాల్లా ఉంటుంది. మరి ఒకే ఇంట్లో కాపురమున్న ఆ విద్యుత్తుకూ ఈ అయస్కాంతానికీ మాటలున్నాయా? బయటినుంచి అయస్కాంతం చూపిస్తే లోపలి విద్యుత్తు కదులుతుందా? లోహాలు కలిసిన రాళ్లలో ఈ సంబంధాన్ని వెతికినవాళ్లు ఉన్నారు. చెట్టు కాయలోంచి వచ్చిన పదార్థంలో వెతకాలని తనకు తోచింది. ఆరు చలికాలాలు దీనికే ధారపోసింది.

"దొరికిందా?" అన్నాను.

"స్పీకరులో ఉండే అయస్కాంతం దగ్గరికి తీసకపోతే మీటరులో సూది కదిల్తాండాది. వెంట్రుకంత."

ఆ వెంట్రుకంత కదలిక గురించి బెంగుళూరులో ఒక ప్రొఫెసరుకు రాసింది. పెద్ద అయస్కాంతం ముందు పెట్టి చూపించు, కదిలితే రా, పరిశోధనలో చేర్చుకుంటాను అని ఆయన రాశాడు. జనవరి చివరిలోగా చెప్పాలి. ఆ తరవాత రెడ్డెమ్మకు వయసు దాటిపోతుంది, మళ్లీ అడగడానికి లేదు. పెద్ద అయస్కాంతం కుప్పం అవతల, బంగారు గనుల వైపు, రాతిపొడిలోంచి ఇనుమును వేరుచేసే ఒక చిన్న ప్రయోగశాలలో ఉంది. అక్కడి ఇంజనీరు మునస్వామి రెడ్డెమ్మ దగ్గర చదువుకున్నవాడు. "రండి మేడమ్" అన్నాడు. మర్నాడే బయల్దేరాం. స్ఫటికాన్ని దూది పరిచిన టిఫిను డబ్బాలో పెట్టి, బాలింతరాలు బిడ్డను ఇచ్చినట్టు నా ఒళ్లో పెట్టింది.

పుంగనూరులో తడిదారం

పుంగనూరులో నన్ను మొదట పలకరించినవి ఆవులు. నా నడుముకు కూడా రావు. మా వైపు దూడలే వీటికంటే పెద్దవి. వాటి మధ్య నిలబడితే నేను ఇంకాస్త లావుగా కనిపిస్తానని రెడ్డెమ్మ నవ్వింది.

అక్కడ వాళ్ల అన్న ఇల్లు. అన్న పొలం పనుల్లో ఊళ్లో లేడు. వదిన గంగులమ్మ ఉంది. తల్లి లేని రెడ్డెమ్మను జడ వేసి బడికి పంపింది ఈవిడే. ఎంత లెక్చరరైనా ఆవిడ నోట రెడ్డెమ్మ "పాప"గానే ఉండిపోయింది.

మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగల పచ్చడి, పెట్టింది. నేను సంగటి ముద్దను అన్నంలాగా నమలడం మొదలుపెట్టాను. ఎంత నమిలినా తెమలదు.

"నమలగూడదమ్మా, ముంచుకొని మింగాల," అంది గంగులమ్మ. మింగాను. గొంతులో అడ్డం పడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కోస్తావోళ్లకు నోరుండాది గానీ గొంతు లేదు," అని నీళ్ల చెంబు అందించింది. మావాళ్లను గురించి ఇంత పొట్టి వ్యాఖ్యానం నేను వినలేదు. మూడో ముద్దకు నాకు గొంతు వచ్చింది.

తరవాత స్ఫటికాన్ని కోయాలి. అయస్కాంతం ముందు పెట్టడానికి పలచని బిళ్ల కావాలి. రంపం పెడితే పగిలిపోతుంది. ఇలాంటి వాటిని కోసేది తడిదారంతో. నేనొక కొస, తనొక కొస పట్టుకుని, నీళ్లలో ముంచిన నూలుదారాన్ని స్ఫటికం మీద అటూ ఇటూ ఆడిస్తే, దారం తాకిన మేర మాత్రం కరిగి దారి ఇస్తుంది. బలం పనికిరాదు. మాటలు కూడా ఆపేసి, ఆ మధ్యాహ్నమంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ దారం ఆడించాం. చదువుకునే రోజుల తరవాత మేమిద్దరం అంత సేపు ఒకే పని మీద కూర్చోవడం అదే. నాకెంతో సంతోషమనిపించింది.

చివరికి బిళ్ల విడివడింది. దానికి రెండు వైపులా వెండి పూత పూసి, సన్నని తీగలు అతికి డబ్బాలో పెట్టింది. మిగిలిన పెద్ద ముక్కను తడి ఆరాలని గోడ గూట్లో పెట్టింది. అసలు ప్రాణం ఆ ముక్కలోనే ఉంది. కుప్పంలో బిళ్ల విరిగితే ఇంకోటి కోయడానికీ, బెంగుళూరు తీసుకెళ్లి చూపించడానికీ అదే. అలాంటిది మళ్లీ పెరగాలంటే ఇంకో చలికాలం కావాలి.

నిప్పులు

దీపాలు పెట్టే వేళకు గంగులమ్మ కుంపట్లో నిప్పులు రాజేసింది.

"ఇట్ల రా పాపా. తూరుపు తిక్కు కూసో. ముఖమంతా పీక్కపోయుండాది. పెద్ద పని మీద పోతాండావు, దిష్టి తీస్తాను."

"ఫిజిక్సు లెక్చరరుకు దిష్టా వదినా!"

"లెచ్చరరుకే ముందు తగిలేది. కూసో."

రెడ్డెమ్మ నవ్వుతూ కూర్చుంది. నేను పక్కనే పీట మీద ఉన్నాను. మా ఇళ్లల్లో దిష్టికి ఉప్పు, ఎండుమిరపకాయలు తీస్తారు. ఇక్కడ పటిక తీస్తారట. తల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తే పటిక తెల్లగా పొంగి, దిష్టి పెట్టినవాళ్ల ముఖంలా ఆకారం కడుతుందని గంగులమ్మ నాకు చెప్పింది. గుప్పిట మూసి రెడ్డెమ్మ చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణిగి, నిప్పుల్లో వేసింది.

ఎవరి ముఖం వస్తుందో చూద్దామని ముందుకు వంగాను. ముఖం రాలేదు. అది చిటపటలాడి, కరిగి, బుడగలు కట్టి, నల్లగా మాడడం మొదలుపెట్టింది. ఇల్లంతా బెల్లం మాడిన వాసన.

"అబ్బబ్బా! సూడు, ఎంత నల్లగా మాడిపోతాండాదో! ఇంత దిష్టి నేను యాడా సూళ్లేదమ్మా!" గంగులమ్మ ముఖం వెలిగిపోతోంది.

ఆ వాసన రెడ్డెమ్మకు తెలుసు. లేచి గూటి దగ్గరికి పరిగెత్తింది. గూట్లో ఒట్టి దూది ఉంది.

గంగులమ్మకు అప్పుడు అర్థమైంది. "గూట్లో ఉంటే కొత్త పటిక అనుకొంటినే. మీ అన్న తెచ్చినాడనుకొంటి," అని గోడకు ఆనుకుని కూలబడింది. "నా సేతులిరిగిపోను. నీ ఆరేండ్ల కష్టం నిప్పుల్లో ఏస్తినే."

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఒళ్లు మండింది. పైకి అనలేదు. రెడ్డెమ్మ మాత్రం ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "బిళ్ల ఉండాది గదా వదినా. కుప్పానికి అది సాలు," అంది.

గంగులమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. పటిక కాదు గనక దిష్టి పోనట్టే అని ఆవిడ లెక్క. ఈసారి ఉట్టి మీది డబ్బాలోంచి అసలు పటిక తీసి, మళ్లీ తిప్పి, నిప్పుల్లో వేసింది. అది తెల్లగా, మరమరాల్లా పొంగింది. నలుపు లేదు, వాసన లేదు. రెడ్డెమ్మ ఆ తెల్లటి పొంగును చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

పొద్దున మేం బయల్దేరేటప్పుడు గంగులమ్మ ఇంకో పటిక గడ్డను గుడ్డలో కట్టి రెడ్డెమ్మ సంచిలో పెట్టింది. ముఖం ఎత్తి మాత్రం చూడలేదు. రాత్రి కూడు కూడా తినలేదు ఆవిడ.

కుప్పం బస్సు

పలమనేరు దాటాక పక్క సీట్లో కాసిం సాహెబు అని ఒక చింతపండు వ్యాపారి కూర్చున్నాడు. బస్సులో ఒకరు తమిళంలో టిక్కెట్టు అడిగితే కండక్టరు తెలుగులో ఇస్తున్నాడు. వెనక సీటువాళ్లు కన్నడంలో పోట్లాడుకుంటున్నారు. ఆయన మాకు వేయించిన చెనిక్కాయలు పెట్టి, డబ్బాలో ఏముందని అడిగాడు. చింతపండులోంచి తీసిన ఉప్పు, దాంట్లో కరెంటు ఉంటుంది అని చెప్పాను.

"అరే! మా గోడౌను నిండా చింతపండే గదమ్మా. మరి కరెంటు పోతే చీకటే ఎందుకుంటాది?"

నేను పగలబడి నవ్వాను. రెడ్డెమ్మ నవ్వలేదు. ఆయన దిగిపోయాక చాలా దూరం కిటికీలోంచి బండలు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అంది:

"నల్లగా మాడితే దిష్టి అనుకొనె వదిన. పక్కన తెల్లగా పొంగేది సూస్తే గదా తేడా తెలిసేది."

"అవును. అయితే?"

"సూది కదిలితే స్ఫటికం అనుకొంటి నేను. స్ఫటికం తీసి ఇంగోటి పెడితే కదుల్తాదా లేదా అని యా పొద్దూ సూళ్లేదు మే. కదిల్తే సంతోషం పట్టలేకపోతి, అంతే."

ఇప్పుడెందుకే ఈ అనుమానాలు, అక్కడికి పోయాక చూద్దాం అన్నాను. తను సంచిలో చెయ్యి పెట్టి పటిక మూటను తడుముతోంది.

అయస్కాంతం ముందు

ఆ అయస్కాంతం మా ఇంటి బియ్యం గాదె అంత ఉంది. మునస్వామి జేబులోంచి తాళంచెవులు, నా తలలోంచి పిన్నులు ముందే తీయించాడు. రాత్రి కుప్పంలో ఆగి, మర్నాడు తెల్లవారి చలిలోనే పని మొదలుపెట్టాం. గది చల్లగా ఉండాలి గదా. బిళ్లను అయస్కాంతం రెండు మొనల మధ్య కర్ర పట్టీలో బిగించి, తీగలు మీటరుకు కలిపింది రెడ్డెమ్మ.

మునస్వామి మీట వేశాడు. సూది కదిలింది. వెంట్రుకంత కాదు, కంటికి ఆనేంత. మీట తీస్తే తిరిగి వచ్చింది. మళ్లీ వేస్తే మళ్లీ కదిలింది.

నేను కేక పెట్టాను. మునస్వామి చప్పట్లు కొట్టాడు. "మేడమ్, సాధించినారు! ఇంగేమి, ఈ పొద్దే బెంగుళూరికి రాసేయండి."

రెడ్డెమ్మ కళ్లు మెరిశాయి. ఒక నిమిషం పాటు తను చదువుకునే రోజుల రెడ్డెమ్మలాగా ఉంది. తరవాత సంచిలోంచి గుడ్డ మూట తీసింది.

"దారం పట్టుకో మే."

పటిక కూడా నీళ్లలో కరిగేదే. తడిదారానికి తెగుతుంది. దాని లోపల వరుసకట్టే విద్యుత్తు లేదు, రాగి లేదు. స్ఫటికానికి ఏ ఏ గుణాలున్నాయో అవేవీ లేని వస్తువు. అదే కొలతకు బిళ్ల కోశాం. అదే వెండి పూత, అవే తీగలు. పూత ఆరేదాకా మునస్వామి తెప్పించిన కాఫీ మా ముగ్గురి ముందూ చల్లారిపోయింది.

పటికను పట్టీలో బిగించి మీట వేశారు. సూది కదిలింది. అంతే కదిలింది.

మళ్లీ స్ఫటికం, మళ్లీ పటిక, మార్చి మార్చి చూసింది. తేడా లేదు. అయస్కాంతం వేసినప్పుడు తీగలు రవ్వంత అదురుతున్నాయి. సూది చూస్తున్నది ఆ అదురునే. చివరికి తీగలను కర్రకు మైనంతో గట్టిగా అతికించి, స్ఫటికాన్ని పెట్టి మీట వేయమంది. సూది మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"మేడమ్," మునస్వామి నెమ్మదిగా అన్నాడు, "మైనం పెట్టకముందు కదిలింది నిజమే గదా. అంతవరకే రాస్తే అబద్ధమేమీ కాదు."

"అబద్ధం కాదప్పా. కానీ నాకు తెలిసిపాయ గదా."

బయటికొచ్చి బస్టాండు పక్క హోటల్లో కూర్చున్నాక ఏడ్చింది నేను. ఆ పటిక మూట మీద, దాన్ని ఇచ్చిన చెయ్యి మీద, తడిదారం మీద కూడా కోపం వచ్చింది. రెడ్డెమ్మ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుతూ, "లేదని రాస్తా. సీటు పోతే పోనీ," అంది. ఆ ఇడ్లీ తినలేదు. ముంచుతూనే ఉంది.

మళ్లీ పుంగనూరు

తిరుగు దారిలో పుంగనూరులో దిగకుండా పోదామన్నాను. ఏ ముఖంతో చెబుతాం? రెడ్డెమ్మ వినలేదు. "వదిన ఎదురుసూస్తాంటాది."

గంగులమ్మ వాకిట్లోనే ఉంది. ఈ రెండు రోజుల్లోనే మనిషి సగమైపోయింది. మమ్మల్ని చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు.

"ఏమాయ పాపా? మాట వినెనా మీ రాయి?"

"లేదొదినా. వినలే."

గంగులమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "నా వల్లనే. పెద్దది ఉండింటే వినుండు. నేను కాల్సబట్టే గదా నీకు..."

నేను ఏదో అనబోయాను. రెడ్డెమ్మ అప్పటికే వెళ్లి ఆవిడ చేతులు కిందికి దించింది. ఆరు చలికాలాల తరవాత, బెంగుళూరు ప్రొఫెసరుకు కూడా ఇంకా రాయని మాట, ముందుగా ఆవిడకే చెప్పింది.

"దాంట్లో ఏమీ లేదొదినా. నువ్వు ఇచ్చిన పటికను పక్కన పెట్టి సూసినాం. రెండూ ఒకటే. నువ్వు కాల్సింది ఉత్త ఉప్పు."

"నిజంగానా?"

"నీ మీదొట్టు."

గంగులమ్మ ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత గట్టిగా ఊపిరి వదిలి, పైటతో ముఖం తుడుచుకుని, రెండు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. సంగటికి ఎసరు పెడతానని లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి, ఇంకా ఒక సందేహం తీరనట్టు వెనక్కి తిరిగింది.

"అయితే అంత నల్లగా మాడిందే పాపా?"

"చింతపండు గదా వదినా," అంది రెడ్డెమ్మ. "మాడకుండా ఉంటాదా?"